వంకాయ మీద రాత ఉండదు



గజపతినగరం బజారులో ఆడవాళ్లు వంకాయలు ఎలా కొంటారు? వేలితో నొక్కుతారు. ముచ్చిక పచ్చగా ఉందా అని చూస్తారు. తిప్పి చూస్తారు. పుచ్చు కనబడితే గంపలోనే వదిలేస్తారు.

ఆ పుచ్చు చేసేది కాయ తొలిచే పురుగు. దానికోసం రైతు మందు మీద మందు కొడతాడు. డబ్బుకు డబ్బు ఖర్చు, కొట్టేవాళ్ల ఒంటికీ మంచిది కాదు. అందుకని మహికో అనే విత్తనాల కంపెనీ కొత్త వంగ తయారుచేసింది. పేరు బీటీ వంగ. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును తీసి వంగలో పెట్టారు. జన్యువంటే ఏటి? బిడ్డకి తల్లి ముక్కు, తండ్రి రంగు వస్తాయి కదా. అవి తెచ్చేవే జన్యువులు. ఇది చేరాక కాయలోనే ఆ పురుగుకు విషం తయారవుతుంది. తొలిచిన పురుగు చస్తుంది.

మరి ఆ కాయ మనిషి తింటే?

ఇది చూడడానికి ఢిల్లీలో ప్రభుత్వ కమిటీ ఉంది. దాన్ని జీఈఏసీ అంటారు. 1989 నాటి రూల్స్ ప్రకారం, కమిటీ చూడకుండా ఇలాంటి విత్తనం పొలంలోకి రాకూడదు. 2009 అక్టోబరు 14న కమిటీ బీటీ వంగకు సరే అంది. కానీ పరీక్షలు చాలావరకు చేయించింది కంపెనీయే. కాకి పిల్ల కాకికి ముద్దు. బయటివాళ్లు చూడొద్దా?

అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్. ఆయన ఏడు నగరాల్లో సభలు పెట్టి రైతులను, శాస్త్రవేత్తలను అడిగారు. హైదరాబాద్‌లో పెట్టారు, భువనేశ్వర్‌లో పెట్టారు. గజపతినగరానికి రెండూ దూరమే! రోజూ కూర వండేవాళ్లను అడగాలంటే ఇంకాస్త దగ్గరకు రావాలి మరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా తొందర వద్దంది. 2010 ఫిబ్రవరి 9న మంత్రి బీటీ వంగను ఆపేశారు. కంపెనీతో సంబంధం లేనివాళ్లు పరీక్షించి, మనిషికీ నేలకూ భయం లేదని తేల్చేదాకా వద్దన్నారు. ఆ ఆపుదల ఇప్పటికీ ఉంది. పక్కనున్న బంగ్లాదేశ్‌లో మాత్రం 2014 నుంచి రైతులు బీటీ వంగ వేస్తున్నారు.

పత్తి మాటేటి అంటారేమో. బీటీ పత్తికి 2002లోనే సరే అన్నారు. పత్తి బట్టకే కదా అనుకుంటారు గానీ, ఆ గింజల నూనె వంటల్లోకి వస్తోంది. చెక్క పశువులు తింటున్నాయి.

"ఇప్పుడు చదువొచ్చింది కదా, రాసింది చూసి కొంటాం" అనొచ్చు. నిజమే. ఇలాంటి సరుకున్న ఆహారం ప్యాకెట్ మీద 'జీఎం' అని వేయాలని 2013 జనవరి 1 నుంచి రూల్ వచ్చింది. ప్యాకెట్ అయితే చదవొచ్చు. గంపలో వంకాయ మీద ఎవరు రాస్తారు? అందుకే దాని పరీక్ష బజారుకు రాకముందే అయిపోవాలి.

2019లో హర్యానాలోని ఫతేహాబాద్ జిల్లాలో ఒక పొలంలో దొంగచాటుగా వచ్చిన బీటీ వంగ దొరికింది. చూపుకు అది మామూలు వంకాయే. పరీక్ష చేస్తేనే తెలిసింది. అధికారులు ఆ తోట పీకించేశారు.