ఆకుపచ్చ పెట్టెకు నామినేషన్
(పలాసలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా కేసు గుర్తొస్తుంది. పెన్షను అన్నది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని 1982లో ఈ తేదీననే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ విషయం మీద నాకంటే బాగా తెలిసినవారు ఉదయం నుంచీ మాట్లాడారు. "మీరు పాటల మనిషి కదా, కాస్త తేలికైన సంగతి ఏదైనా చెప్పండి" అని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. అందుకని అదే 1982లో జపాను దేశంలో పుట్టిన ఒక చిన్న వస్తువును మీకు చూపించడానికి సంచిలో వేసుకొచ్చాను.

ఇదిగో, ఇదే. సబ్బుపెట్టె కంటే కొంచెం పెద్దది. ఆకుపచ్చ రంగు లోహపు పెట్టె, పైన మూడు మీటలు, కింద కాలితో నొక్కే స్విచ్చి. దీని పేరు ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్, టి.ఎస్.9. ఈ జాతి వస్తువును ఓవర్‌డ్రైవ్ పెడల్ అంటారు. ఎలక్ట్రిక్ గిటారుకూ ఆంప్లిఫయరుకూ మధ్య దీన్ని తగిలిస్తారు.

నేను 1975లో టెక్కలి తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. పగలు అడంగళ్లు, పహాణీలు. సాయంత్రమైతే నలుగురైదుగురు ఉద్యోగులం కలిసి ఆర్కెస్ట్రా. వయొలిన్ ఒకరు, హార్మోనియం ఒకరు, తబలా ఒకరు, గిటారు నేను. హౌరా మెయిలెక్కి కలకత్తా వెళ్లి, రవీంద్ర సరణిలోని వాయిద్యాల కొట్లలో ఆ గిటారు కొన్నాను. వినాయకచవితి పందిళ్లకు, అమ్మవారి సంబరాలకు మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు దాకా వెళ్లి వాయించేవాళ్లం. చాలాసార్లు జీతం కంటే ముందు ఆ డబ్బులే చేతికొచ్చేవి.

కాని నా గిటారుకు ఒక లోపం ఉండేది. మీటిన స్వరం క్షణంలో చల్లారిపోయేది. పక్క వీధిలో సన్నాయి మొదలైతే నా పని సరి. 1983లో ఓడ మీద పనిచేసే మా బంధువొకాయన సింగపూరులో కొని ఈ పెట్టె తెచ్చి ఇచ్చాడు. మొదటిరోజు ఇంట్లో దీన్ని నొక్కి తీగ మీటగానే మా ఇంటావిడ వంటింట్లోంచి వచ్చి, "ఏటండీ, దానికి గొంతు బొంగురుపోయిందేటి?" అంది. ఊళ్లోవాళ్లయితే ఇంకా నిర్మొహమాటం. "గుమాస్తాగారూ, మీ బాక్సు పాడైపోనాదండీ" అని చెప్పి వెళ్లేవారు.

వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఈ శబ్దం మొదట పుట్టింది ఒక పాడైన యంత్రంలోంచే. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తుండగా, గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న గిటారు వెళ్లే మార్గం ఒకటి చెడిపోయి తుమ్మెద రొదలాంటి శబ్దం వచ్చింది. వాళ్లు దాన్ని చెరిపెయ్యకుండా ఉంచేశారు. గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు కావాలనుకున్నప్పుడు అదే శబ్దం వచ్చేలా ఒక పరికరం తయారుచేస్తే, గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ వారి పాటతో అది లోకమంతా మోగింది.

మన చిన్నప్పటి వాల్వు రేడియోలు జ్ఞాపకం ఉన్నాయా? గొంతు పూర్తిగా పెంచితే కొంచెం పగిలినట్టు, అయినా వెచ్చగా వినిపించేది. గిటారు ఆంప్లిఫయర్లలోనూ అవే వాల్వులుండేవి. ఆ వెచ్చదనం కోసం వాటిని పూర్తిగా పెంచితే ఇరుగుపొరుగు ఊరుకోరు. తక్కువ మోతలో ఆ గొంతు రప్పించడానికి పుట్టినవే ఓవర్‌డ్రైవ్ పెడళ్లు. ట్యూబ్ అంటే ఆ వాల్వే. 1979లో వచ్చిన మొదటి ట్యూబ్ స్క్రీమరుకు రూపకల్పన చేసినవారు సుసుము టమురా అనే జపాను ఇంజనీరు.

లోపల బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక చిన్న చిప్పు తీగ శబ్దాన్ని పెంచుతుంది. పక్కనున్న డయోడ్లు హద్దు మీరిన శిఖరాలను, జీడితోట కంచెకు పైకొమ్మలు సమంగా కత్తిరించినట్టు, మెల్లగా కత్తిరిస్తాయి. మన భాషలో చెప్పాలంటే, పై స్కేళ్లకు సీలింగు పెట్టి కింది స్కేళ్లకు పెంచిన పి.ఆర్.సి. లాంటిది. మీటిన వెంటనే వచ్చే పెద్ద శబ్దానికి కళ్లెం పడుతుంది, చివర చల్లారిపోయే శబ్దానికి ఊతం దొరుకుతుంది. అందువల్ల స్వరం నిలబడుతుంది. కత్తిరించినచోట కొత్త అనుస్వరాలు పుట్టి శబ్దం చిక్కబడుతుంది.

ఇది మనకు తెలియని రహస్యం కాదు. తంబురా గుర్రం మీద తీగ కింద సన్నటి దారప్పోగు పెడతారు. దాన్ని జీవ అంటారు. ఆ పోగు సరైనచోట కుదిరితే ఒక్క తీగలోంచి అనుస్వరాలన్నీ ఝుమ్మని లేస్తాయి. లేకపోతే తీగ పొడిగా పలుకుతుంది. మా వయొలిన్ మిత్రుడికి ఈ పెట్టె గురించి వివరించబోతే ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు: "అంటే మీ గిటారుకు జీవ పెట్టించుకున్నారన్నమాట!"

ఆ మిత్రుడు ఇప్పుడు లేడు. ఆయన పోయిన తర్వాత పిల్లలు నన్ను పిలిచి, "బాబాయ్, నాన్న వయొలిన్ ఏం చెయ్యాలో చెప్పండి" అన్నారు. అటక మీంచి దింపి పెట్టె తెరిస్తే చెదలు పట్టి ఉంది. లోపల మెడ, కొన్ని మేకులు, కాస్త మట్టి. పిల్లల తప్పు లేదు. అది ఏమిటో, ఎవరికివ్వాలో, ఎలా చూసుకోవాలో వాళ్లకెవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్లు మా పక్కన పాడిన వయొలిన్ అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక నా సంగతి. 2008లో రిటైరయ్యాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస తీరం మీదనే విరుచుకుపడింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు ఎలా నేలకొరిగాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. మా ఇంట్లోకి వాన కొట్టి గిటారు మెడ ఊడిపోయింది. ఈ పెట్టె మాత్రం ట్రంకులో బట్టల మధ్య భద్రంగా మిగిలింది. మెడ అతికించుకోవడానికి కొన్ని నెలలు పట్టింది.

తర్వాత చెవులు మందగించాయి. సన్నటి, పై స్థాయి శబ్దాలు తగ్గాయని డాక్టరుగారు పరీక్ష చేసి చెప్పారు. మామూలుగా గిటారు వాయిస్తే నా వేళ్లు నాకే సరిగ్గా వినిపించవు. కాని ఈ పెట్టె స్వభావం ఒకటుంది. ఇది మంద్ర శబ్దాన్నీ, మరీ సన్నటి శబ్దాన్నీ కొంత తగ్గించి, మధ్యలో సుమారు 700 హెర్ట్జుల చుట్టూ ఉన్నదాన్ని ముందుకు తెస్తుంది. నాకు మిగిలిన వినికిడి సరిగ్గా అక్కడే ఉంది! రోజూ సాయంత్రం, గొంతు చిన్నగా పెట్టుకుని, అరగంట వాయించుకుంటాను. మందు కాదు గాని, పూట గడుస్తుంది.

క్రిందటేడు విశాఖపట్నం నుంచి ఒక కుర్రవాడు దీన్ని కొంటానని వచ్చాడు. లోపలి చిప్పు నంబరు చూసి, నా నెల పెన్షనుకు కాస్త తక్కువ మొత్తం ఇస్తానన్నాడు. మా అబ్బాయి ఇచ్చేయమన్నాడు. అదే వారం మా మనవరాలు ఇదే నమూనాలో కొత్తది తెచ్చింది. 1993 నుంచి మళ్లీ తయారవుతున్నాయిలెండి. రెంటినీ పక్కపక్కన పెట్టి వాయించింది. నా చెవికి తేడా తెలియలేదు. "నాకూ పెద్దగా తెలియడం లేదు తాతా" అంది. మరి పాతదానికి అంత ధర ఎందుకు అని అడిగాను. "పాతది కాబట్టి" అంది. "మరి నీకేది కావాలి?" అంటే మాత్రం దీని మీదే చెయ్యి వేసింది. అమ్మనని కుర్రవాడికి ఫోను చేసి చెప్పేశాను.

సర్వీసులో ఉండగా మనం ఎన్ని నామినేషన్లు రాశాం! జి.పి.ఎఫ్.కి, గ్రాట్యుటీకి, కుటుంబ పెన్షనుకు. ఈ పెట్టెకు కూడా రాశాను. మనవరాలి పేరు, కింద నాలుగు నియమాలు. ఒకటి, వాయించడం అయిపోగానే గిటారు వైరు పీకెయ్యాలి, అది ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. రెండు, పది రోజులు వాడకపోతే 9 వోల్టుల బ్యాటరీ తీసి విడిగా పెట్టాలి, కారితే లోపలంతా తినేస్తుంది. మూడు, మన ఉప్పుగాలికి వైరు మొనలూ, బ్యాటరీ కొక్కేలూ చిలుము పడతాయి, పొడిగుడ్డతో తుడవాలి. నాలుగు, అడాప్టరు పెట్టేముందు ధన, ఋణ గుర్తులు సరిచూడాలి, తారుమారైతే పెట్టె కాలిపోవచ్చు.

సోదరులారా, మీ ఇళ్లలో గిటార్లు ఉండకపోవచ్చు. హార్మోనియం ఉంటుంది, మృదంగం ఉంటుంది, కుట్టుమిషను ఉంటుంది, కెమెరా ఉంటుంది. మనం బతికే ఉన్నామని ఏటా ధ్రువపత్రం ఇస్తున్నాం కదా, వాటికి కూడా ఇప్పించండి. కిందికి దింపండి, తుడవండి, ఒక్కసారి పలికించండి. తర్వాత అది ఎవరిదో ఒక కాగితం మీద రాసి, ఆ మనిషికి ఇప్పుడే, మీ చేత్తోనే వాడటం నేర్పండి. ఈ పని ఈ సంక్రాంతిలోగా చెయ్యండి. పిల్లలందరూ ఇంటికొచ్చేది అప్పుడే.

 భోజనాలు సిద్ధమయ్యాయని సైగ చేస్తున్నారు. సెలవు.