టెలిస్కోపుకు నిలకడ ముఖ్యం

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను చెప్పబోయేది వంట గురించి కాదు, కుట్టుపని గురించీ కాదు. టెలిస్కోపు గురించి. "మనకెందుకమ్మా ఆ గోల?" అని రేడియో కట్టేయకండి. ఈ రోజుల్లో పిల్లలు సైకిలు అడిగినట్టే టెలిస్కోపూ అడుగుతున్నారు. డబ్బు తీసి ఇచ్చేదీ మనమే, నాలుగు రోజులు పోయాక దాన్ని బీరువా మీదికి ఎక్కించి దుమ్ము దులిపేదీ మనమే. అది బీరువా ఎందుకు ఎక్కుతుందో నాకు అనుభవం మీద తెలిసింది గనుక చెబుతున్నాను.

మా చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బుతో దానికొక టెలిస్కోపు కొన్నాము. ముందున్న అద్దం వెడల్పు 70 మిల్లీమీటర్లు. పెట్టెమీద "500 రెట్లు" అని పెద్ద పెద్ద అక్షరాలు. ఇంటిల్లిపాదీ డాబా ఎక్కాము. గురుగ్రహం చూపిస్తానని పిల్ల గొట్టం తిప్పితే అది కాస్తా ముందుకు వాలిపోయింది. ఎత్తి, మర బిగించి, కన్ను ఆనించేసరికి లోపల గురుడు ఒకటే గంతులు! వారం రోజులు అవస్థపడి, "నా చేతులు వణుకుతున్నాయమ్మా, ఇది నాకు చేతకాదు" అని పెట్టెలో పెట్టేసింది. మావారు "ఎవరికైనా అమ్మేద్దాం" అన్నారు. డబ్బు పోయిందన్న బాధ కన్న, పిల్ల నోట వచ్చిన ఆ "చేతకాదు" అన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

సంక్రాంతికి రాజాం దగ్గర మా అత్తవారి ఊరు వెళుతూ ఆ పెట్టె కూడా పట్టుకువెళ్లాను. పెరట్లో నిలబెట్టి కుస్తీ పడుతున్నాను. మా మామగారి కాలం నుంచి పొలం చూస్తున్న పెద్దాయన కాస్సేపు చూసి, "అదేటి కోడలమ్మా, బరువంతా ఓ పక్కనే ఎట్టినావు? అలగైతే కావిడి బుజమ్మీద నిలబడతాదేటి?" అన్నాడు. ఎన్నో సారె కావిళ్లు మోసిన మనిషి ఆయన. సగం సంగతి ఆ మాటలోనే ఉంది.

టెలిస్కోపు గొట్టాన్ని మోసే భాగాన్ని మౌంటు అంటారు. కొనేటప్పుడు మనం గొట్టాన్నే చూస్తాము గాని దీన్ని చూడము. గురుణ్ణి 90 రెట్లు పెద్దది చేసే టెలిస్కోపు, స్టాండు వణుకునూ 90 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. మా పిల్ల చేతిలో తప్పు లేదన్నమాట!

ఈ రెట్ల లెక్క కూడా చెబుతాను. నేను పదో తరగతితో చదువు ఆపేసిన దాన్ని. నాకు వచ్చిన లెక్క మీకు రాకపోదు. ముందు అద్దానికి నాభ్యంతరం అని ఒక కొలత ఉంటుంది. మాదానికి అది 900 మిల్లీమీటర్లు. కంటి దగ్గర పెట్టే చిన్న గొట్టాన్ని ఐపీసు అంటారు. దాని మీద 25 అనో 10 అనో అంకె ఉంటుంది. 900ని 25తో భాగిస్తే 36 రెట్లు, 10తో భాగిస్తే 90 రెట్లు. ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలకు మించిన రెట్లు పనికిరావు. 70కి 140 హద్దు. పెట్టెమీది 500 రెట్లలో కనిపించేది మసక మాత్రమే. చంద్రుడి గోతులు, గురుడి నాలుగు చందమామలు చూడడానికి 36, 90 రెట్లు చాలు.

ఇక మౌంట్లు ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది పక్కకీ, పైకీ కిందికీ తిరిగేది. వాడడం తేలిక. ఇందులోనే డాబ్సన్ రకం ఉంది. నేల మీద పీటలాగ చెక్క పెట్టె, అందులో పెద్ద గొట్టం. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో సన్యాసిగా ఉన్న జాన్ డాబ్సన్ అనే ఆయన, పారేసిన ఓడ కిటికీ అద్దాలు అరగదీసి టెలిస్కోపులు చేసి, 1968 నుంచి వీధుల్లో దారినపోయే వాళ్లకు చూపించేవారు. ఆయన వాడిన తేలిక మౌంటుకే ఆ పేరు.

రెండోది ఈక్విటోరియల్ మౌంటు. మాది ఈ రకం. భూమి తిరగడంచేత చుక్కలు గంటకు 15 డిగ్రీలు జరుగుతాయి. 90 రెట్లలో చూస్తుంటే రెండు నిమిషాల్లో గ్రహం అద్దం దాటిపోతుంది. ఈ మౌంటుకు తిరగలి మేకులాంటి ఇరుసు ఉంది. ఆ మేకును ధ్రువనక్షత్రం వైపు వంచి పెడితే, ఒక్క మర మెల్లగా తిప్పుతూ చుక్కను వదలకుండా చూడవచ్చును. రెండో ఇరుసు చుక్క ఉత్తరంగా ఎంత, దక్షిణంగా ఎంత ఉందో దానికి సరిచేసేది. మన అరసవిల్లిలో సూర్యకిరణాలు మార్చి రెండో వారం ప్రాంతంలోను, మళ్లీ అక్టోబరు మొదటి రోజుల్లోను స్వామి పాదాలు తాకుతాయి గదా! ఆ రెండుసార్లూ సూర్యుడు ఆకాశ మధ్యరేఖకు దక్షిణంగా దాదాపు 4 డిగ్రీల దగ్గరే ఉంటాడు. రెండో ఇరుసు మీద రాసి ఉండే అంకెలు ఆ లెక్కవే.

ఈ రకం కొనేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి చూస్తే ధ్రువనక్షత్రం నేలకు సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఐరోపావాళ్లకు 40, 50 డిగ్రీలు. మా మౌంటు ఫ్యాక్టరీ నుంచి 40 దగ్గర బిగించే వచ్చింది! కొన్ని మౌంట్లు 18 దాకా వంగనే వంగవు. వంగినా బరువు కడ్డీ స్టాండు కాలికి కొట్టుకుంటుంది. దుకాణంలోనే 18కి వంచి, గుండ్రంగా తిప్పి చూపించమని అడగండి. అంత తంటా వద్దనుకుంటే డాబ్సన్ రకమే మేలు.

ఈ విద్య మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు సుమండీ. విశాఖపట్నం డాబాగార్డెన్సులో గోడే వెంకట జగ్గారావుగారు 1840లోనే సొంత వేధశాల పెట్టారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపి, 6 అంగుళాల కుక్ కంపెనీ ఈక్విటోరియల్ టెలిస్కోపుతో 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం చూసి లెక్కలు రాశారు. 1892లో ఆయన పోయాక కొంతకాలం ఆ బాధ్యత చూసుకున్నది ఆయన భార్యే.

ఇప్పుడు అసలు పని, బరువు సరిచూడడం.

ముందు స్టాండు కాళ్లు పూర్తిగా లాగకండి. కుర్చీలో కూచుని చూసేంత ఎత్తు చాలు. కాళ్ల మధ్య ఇసుక సంచీ వేలాడదీస్తే ఇంకా గట్టిగా నిలుస్తుంది. తరువాత ఇనప బరువును కడ్డీకి ఎక్కించి, కడ్డీ చివరి చిన్న మర బిగించండి. అది లేకపోతే బరువు జారి కాలి మీద పడుతుంది. ఆ పిమ్మటే గొట్టం పెట్టాలి. విప్పేటప్పుడు ముందు గొట్టం, తరువాత బరువు.

గురిచూసే చిన్న గొట్టం, ఐపీసు అన్నీ తగిలించి, మూత తీశాకే తూకం చూడాలి. కడ్డీని నేలకు సమంగా పట్టుకుని, ఒక చెయ్యి గొట్టం మీద ఉంచి, మొదటి ఇరుసు మర వదులు చేయండి. గొట్టం దిగితే బరువును బయటికి జరపండి. బరువు దిగితే లోపలికి జరపండి. రెండూ సమంగా నిలిచాక ఆ మర బిగించి, రెండోది వదులు చేయండి. గొట్టం ముందుకు వాలితే దాన్ని కడియాల్లో వెనక్కి, వెనక్కి వాలితే ముందుకు జరపండి. చెయ్యి తీసినా గొట్టం ఎక్కడ పెడితే అక్కడ నిలవాలి. డాబ్సన్ రకంలో బరువైన ఐపీసు పెడితే ముందుభాగం వాలుతుంది. అడుగున చిన్న బరువు కడితే సరి.

చివరికి గొట్టాన్ని వేలితో తట్టి చూడండి. రెండు మూడు సెకన్లలో వణుకు ఆగితే మంచి మౌంటు. కొనేముందు దుకాణంలో కూడా ఇదే పరీక్ష.

అదనపు సామాను మీద డబ్బు తగలేయకండి. 25, 10 ఐపీసులు రెండూ, ఎర్రకాగితం చుట్టిన టార్చీ చాలు. మన సముద్రపుగాలికి అద్దం మీద మంచు పడుతుంది. అట్టతో ఓ గొట్టం చేసి ముందు తొడగండి. అద్దం కొంగుతో మాత్రం తుడవకండి, గీతలు పడతాయి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేస్తే బూజు పట్టదు. ఇక, పిల్లల్ని టెలిస్కోపులోంచి సూర్యుణ్ణి ఎట్టి పరిస్థితిలోనూ చూడనివ్వకండి. ఐపీసుకు తగిలించే నల్ల అద్దం వేడికి పగిలిపోవచ్చును. క్షణంలో కన్ను పోతుంది.

ఆ రాత్రి మా అత్తవారి పెరట్లో బరువు జరిపి, కాళ్లు కుదించి, మేకును 18కి వంచాము. పిల్ల కన్ను ఆనించి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "అమ్మా, కదలటం లేదు!" అంది. గురుడి పక్కన నాలుగు చుక్కలు వరుసగా ఉన్నాయి. ముందుగా పెద్దాయనను పిలిచి చూపించింది. ఆ తరువాతే వాళ్ల నాన్నకు వంతు వచ్చింది.

ఇంట్లో పిల్లలెవరైనా "నాకు చేతకాదు" అంటే, ముందు వాళ్ల కాళ్ల కింద స్టాండు సరిగా ఉందో లేదో చూద్దాం. బీరువా మీద టెలిస్కోపు ఉన్నవాళ్లు ఈ సాయంత్రమే దింపండి.