లెక్కకు అందని విలువ

మా కేంద్రమునుండి ఒక ప్రసంగము ప్రసారమైన పిమ్మట ఎన్ని ఉత్తరములు వచ్చినవని లెక్కించుకొను అలవాటు మాకు కలదు. మెచ్చుకొన్న ఉత్తరమును, మందలించిన ఉత్తరమును ఆ లెక్కలో సమానమే. శాస్త్రలోకమునందును ఇట్టి లెక్క ఒకటి కలదు. ఒకరు వ్రాసిన పరిశోధనా వ్యాసమును తరువాతివారు తమ వ్యాసములలో ఎన్నిమార్లు పేర్కొనిరో కూర్చి, ఆ సంఖ్యనుబట్టి వారి కృషిని అంచనా వేయుదురు.

ఈ పద్ధతికి మూలపురుషుడు యూజీన్ గార్ఫీల్డ్. ఆయన 1955లో దీనిని ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అను సూచికను ప్రచురించిరి. ఒక భావము ఏయే వ్యాసములలోనికి ప్రాకినదో వెదకి పట్టుకొనుటకు అది దారి చూపెను. కాలక్రమమున అదియే మనుష్యులను తూచు త్రాసుగా మారినది. 2005లో హిర్ష్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు హెచ్-సూచికను కల్పించిరి. 20 వ్యాసములు ఒక్కొక్కటి కనీసము 20 మార్లు పేర్కొనబడినచో ఆ సూచిక 20. ఒకే వ్యాసము వ్రాసి, అది వేయిమార్లు పేర్కొనబడినవారి సూచిక ఎంత? కేవలము 1. ఉద్యోగములును, పరిశోధనకు ధనమును ఇట్టి సంఖ్యలపై ఆధారపడునప్పుడు, ఇది వట్టి గణిత వినోదము కాదు.

మెదడును గురించిన ఒక వ్యాసమును దృష్టాంతముగా తీసికొందము. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున 1953లో విలియం స్కోవిల్ అను శస్త్రవైద్యులు, మూర్ఛలతో బాధపడుచున్న 27 ఏండ్ల యువకునికి మెదడు ఇరువైపులనుండి హిప్పోకాంపస్ భాగమును చాలవరకు తొలగించిరి. మూర్ఛలు తగ్గినవి; తెలివి చెడలేదు. కాని క్రొత్తగా జరిగినదేదియు అతనికి జ్ఞాపకముండదయ్యెను. మాంట్రియల్ నగరమున పనిచేయుచున్న మనస్తత్త్వవేత్త బ్రెండా మిల్నర్ వచ్చి అతనిని పరీక్షించిరి. వచ్చిన ప్రతిమారు ఆమె అతనికి క్రొత్తవారే. స్కోవిల్, మిల్నర్‌లు 1957లో ప్రకటించిన వ్యాసము పదిమంది రోగులను గూర్చినది. పొడవు 11 పుటలు. క్రొత్త జ్ఞాపకములు నిలుచుటకు ఆ చిన్న భాగము అవసరమని అది తెలిపెను.

పిమ్మట మిల్నర్ అతనిచేత అద్దములో చూచుచు నక్షత్రపు గీతవెంట పెన్సిలు నడిపించిరి. దినదినమునకు అతని చేయి కుదిరినది. అట్టి పని తానెన్నడును చేయలేదనియే అతని నమ్మకము! సంగతులను గుర్తుంచుకొనుట వేరు, చేతికి నేర్పు అబ్బుట వేరు అని 1962లో ప్రకటింపబడిన ఈ పరీక్ష చూపెను.

1957 నాటి వ్యాసము ఇప్పటికి వేలకొలది మార్లు పేర్కొనబడినది. ఆ సంఖ్య అబద్ధము కాదు. ఎందరు ఆ దారిన నడచిరో అది చెప్పును. కాని వారు అంగీకరించి నడచిరో, వాదించి నడచిరో చెప్పదు. పత్రికల విలువ కట్టుటకు వాడు ప్రసిద్ధమైన సూచిక ముందటి రెండేండ్ల వ్యాసములనే లెక్కించును. దశాబ్దములుగా పనికివచ్చుచున్న వ్యాసమునకు రెండేండ్ల కొలత ఎట్లు చాలును?

2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు శాస్త్రజ్ఞులును, సంపాదకులును కూడి, పత్రిక సూచికనుబట్టి శాస్త్రజ్ఞుని తూచరాదనియు, వ్యాసములోని విషయమునే చూడవలెననియు ఒక ప్రకటన సిద్ధపరచిరి. ఈ హితవు సమంజసమని మేమును తలంచుచున్నాము. ఆ విషయమును చదువుటకు ఓపిక కావలెను. కూడికకు అంత ఓపిక అక్కరలేదు.

ఆ యువకుని వ్యాసములలో కేవలము హెచ్.ఎం. అను పొడి అక్షరములతో పేర్కొనుచు వచ్చిరి. 2008లో అతడు మరణించిన పిదపనే హెన్రీ మొలైసన్ అను పేరు లోకమునకు తెలిసినది. దశాబ్దములపాటు అతడు పరీక్షలకు సమ్మతించెను; మరుక్షణమే మరచెను. ఏ సూచికలోను అతనికి పద్దు లేదు. ఇకమీదట ఎవరేని శాస్త్రజ్ఞుని గొప్పతనమును సంఖ్యలో చెప్పినచో, ఆ సంఖ్య వెనుక ఏమి కనుగొనబడినదో, ఎవరి సహనమున్నదో శ్రోతలు అడిగి తెలిసికొందురుగాక!