కణితి తీసేశారు.. మరి దగ్గు ఎందుకు పోలేదు?

ఈ ఎపిసోడ్‌లో ఒక అరుదైన జబ్బు గురించి మాట్లాడుకుందాం. పేరు గుడ్ సిండ్రోమ్. ఇందులో 'గుడ్' అంటే మంచి అని కాదు, అది ఒక డాక్టర్ ఇంటిపేరు. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో పనిచేసిన రాబర్ట్ గుడ్ 1954లో దీన్ని రిపోర్ట్ చేశారు.

మన రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నప్పుడు టి కణాలకి ట్రైనింగ్ ఇచ్చేది ఇదే. పెద్దయ్యేకొద్దీ కుంచించుకుపోతుంది. కొందరికి, ఎక్కువగా 40 దాటాక, ఇందులో థైమోమా అనే కణితి వస్తుంది. వాళ్లలో కొద్దిమందికి యాంటీబాడీలు బాగా పడిపోతాయి. వాటికి మూలమైన బి కణాలు రక్తంలో దాదాపు కనిపించవు.

అప్పుడేమవుతుంది? దగ్గు, చిక్కటి కఫం, సైనస్, న్యుమోనియా. యాంటీబయాటిక్ వేస్తే తగ్గుతుంది, కొన్నాళ్లకి మళ్లీ మొదలు. ఇలా పదేపదే వస్తుంటే శ్వాసనాళాల గోడలు దెబ్బతిని వెడల్పైపోతాయి. దీన్నే బ్రాంకియెక్టాసిస్ అంటారు. అక్కడ కఫం నిలుస్తుంది, నిలిచిన కఫంలో బ్యాక్టీరియా పెరుగుతుంది, మళ్లీ ఇన్ఫెక్షన్. ఆగని లూప్ అన్నమాట. పెద్దవాళ్లలో అలా పాడైన నాళాలు సాధారణంగా మళ్లీ మామూలు స్థితికి రావు. అందుకే ఆలస్యం చేయకూడదు.

అసలు పాయింట్ ఇది. "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకేం భయం?" అనుకుంటాం. కణితికి ఆపరేషన్ కావాల్సిందే. కానీ దాంతో యాంటీబాడీలు తిరిగి రావడం చాలా అరుదు. యాప్ డిలీట్ చేసినా అది మార్చిన సెట్టింగ్స్ అలాగే ఉండిపోయినట్టు. కొందరిలో ఈ లోపం ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

పట్టుకోవడం ఎలా? ఇమ్యునోగ్లోబ్యులిన్ లెవెల్స్ అనే రక్తపరీక్ష, దాంతోపాటు బి కణాల లెక్క. లోపం ఉందని తేలితే దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలని సాధారణంగా 3-4 వారాలకోసారి నరం ద్వారా ఎక్కిస్తారు. కఫం బయటికి తెచ్చే ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. ఖర్చు ఎక్కువే, కానీ ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి.

దగ్గిన ప్రతివాళ్లకీ ఇదే అని భయపడకండి. రెండు వారాలు దాటిన దగ్గుకి ముందు టీబీ టెస్ట్ చేయించాలి. టీబీ లేదు, అయినా అమ్మకో నాన్నకో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తోందా? థైమోమా ఆపరేషన్ కూడా అయిందా? అయితే పాత ఫైళ్లన్నీ పట్టుకెళ్లి ఒక్క మాట అడగండి: "డాక్టర్ గారూ, ఇమ్యునోగ్లోబ్యులిన్ టెస్ట్ చేయిద్దామా?"