తూటా ముందు, తుపాకి తరువాత

అమెరికా పల్లెపట్టులలో 'వార్మింట్' అను మాట యొకటి వాడుకలో నున్నది. హానికరములగు చిన్న జంతువులకు ఇంగ్లీషున గల 'వెర్మిన్' అను పేరే రైతుల నోటబడి యిట్లు మారినది. గడ్డిచేలలో బొరియలు త్రవ్వి యంత్రములకును పశువుల కాళ్ళకును అపాయము తెచ్చు వుడ్‌చక్కు, బీళ్ళను గుల్లచేయు ప్రెయిరీ డాగు, గొఱ్ఱెపిల్లల నెత్తుకొనిపోవు కొయోటీ మొదలగునవి ఈ పేరు క్రిందికి వచ్చును. ప్రెయిరీ డాగు పేరునకు కుక్కయే గాని పుట్టుకకు ఉడుత. మన వేరుసెనగ రైతునకు అడవిపందితో ఎంత పేచీయో, అచ్చటి రైతునకు వీనితో నంత పేచీ.

వీనిని కొట్టుటకై ప్రత్యేకముగ చేయించుకొను తుపాకి వార్మింట్ రైఫిలు. దుకాణమున సిద్ధముగ దొరకునది చాలదని, గొట్టము ఒకచోటనుండి, కొయ్య యొకచోటనుండి తెప్పించి పనివానిచేత కూర్పించుకొనువారు అచ్చట పెక్కుమంది. ఆడపిల్ల పెండ్లికి నగలు చేయించు తల్లికి గల శ్రద్ధ వారిది. మన దేశమున తుపాకి 1959 నాటి ఆయుధముల చట్టమునకును, అడవి జంతువు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకును లోబడినవి. కావున నేడు మేము చెప్పబోవునది అమెరికా సంగతియే యని శ్రోతలు గ్రహింతురు గాక.

ఈ పనిలో మొదట అడుగవలసిన ప్రశ్న 'ఏ తుపాకి?' అనునది కాదు. 'ఏ చేను? ఎంత దూరము? ఆవల నేమున్నది?' అనునవి మొదటి ప్రశ్నలు. వానికి జవాబు దొరికిన పిమ్మట తూటా, తూటా పిమ్మట గుండు, గుండు పిమ్మట గొట్టము, అటుపిమ్మటనే తక్కినవన్నియు. ఈ వరుస తప్పినవారు సొమ్ము పోసి అందమైన తుపాకి చేయించుకొని, దానికి నచ్చిన గుండును వెదకుకొనుచు ఏండ్లు గడుపుదురు.

తూటా యనగా నేమో ముందుగ చెప్పుకొందము. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించు ప్రైమరు, కడుపులో మందు, మూతియందు గుండు, ఈ నాలుగును కలిసినది తూటా. గుండును మందును గ్రెయినులలో తూచెదరు. మన తులమునకు సరిగా 180 గ్రెయినులు. వార్మింట్ రైఫిలుకు మిక్కిలి వాడుకలో నున్న 55 గ్రెయినుల గుండు తులములో మూడవ వంతైనను లేదన్నమాట. కంసాలి త్రాసులో తూచదగిన ఈ చిన్న వస్తువు, నిలుచున్నప్పుడు మూరెడు ఎత్తును బెత్తెడు వెడల్పును లేని ప్రాణిని 200, 300 గజముల దూరమున తాకవలెను. తాకుటయే గాదు, ఆ ప్రాణి నొప్పి యెరుగకముందే పని ముగించవలెను. గాయపడి బొరియలోనికి ప్రాకిన జంతువు చీకటిలో ఎన్ని గంటలు బాధపడునో పైనున్నవానికి తెలియదు. జింక వేటలో జానెడు తేడా వచ్చినను ఒకప్పుడు చెల్లును, ఇచ్చట రెండంగుళముల తేడాకు కూడ చోటు లేదు.

ఇక తూటాల వంశావళి. ఇందు మొదట పేర్కొనదగినది 22 హార్నెట్. దీని పుట్టుకయే మన మాటకు సాక్ష్యము. 1930లో వించెస్టరు కంపెనీ ఈ తూటాను అమ్మకమునకు తెచ్చునాటికి దీనికి తగిన ఫ్యాక్టరీ తుపాకి ఏదియు అంగడిలో లేదు. తూటా ముందు వచ్చినది, తుపాకులు దానిని వెంబడించినవి. 45 గ్రెయినుల గుండు సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగముతో పోవును. చప్పుడు తక్కువ, మందు తక్కువ, గొట్టము చాలకాలము మన్నును. ఇండ్లు దగ్గరగా నున్న తూర్పు రాష్ట్రములలో, 150 గజముల లోపలి పనికి దీనిని వృద్ధులు ఇప్పటికిని విడువరు.

ఐదేండ్లకు, 1935లో, అదే వించెస్టరు కంపెనీ 220 స్విఫ్ట్ అను తూటాను తెచ్చెను. 48 గ్రెయినుల గుండు సెకనుకు 4,110 అడుగులు. అనగా ధ్వని వేగమునకు మూడున్నర రెట్లకు పైమాట. ఫ్యాక్టరీ తూటాలలో నాలుగువేలు దాటినది ఇదియే మొదటిది. దానితోడనే అపకీర్తియు వచ్చెను. గొట్టములను తినివేయునని లోకులు అనసాగిరి. అందులో అతిశయోక్తి కొంత కలదు గాని, కారణము లేకపోలేదు.

ఆ కారణమును తెలిసికొన్న గాని ఎన్నిక సాగదు. గొట్టము రంధ్రము ఒక్కటే కొలత, సుమారు 0.224 అంగుళము. 223 రెమింగ్టన్ తూటాలో ఈ రంధ్రము గుండ పోవలసిన మందు సుమారు 25 గ్రెయినులు. 22-250 తూటాలో సుమారు 36, స్విఫ్టులో అంతకంటెను కొంత యెక్కువ. పొయ్యి పెద్దదైనను పొగగొట్టము పెద్దది కాలేదు. మండుచున్న వాయువు, ఇంకను మండని మందు పలుకులు, గుండు మొదట గాడులలో అడుగుపెట్టు 'గొంతు' అను చోటును ప్రతి కాల్పునకును కొంచెము కొంచెముగ గీకివేయును. గొట్టము వేడెక్కియుండగా వెంటవెంటనే కాల్చినచో ఈ అరుగుదల మరింత త్వరపడును. ప్రెయిరీ డాగుల బీటిలో ఒక్క పూటలో నూరు తూటాలు కాల్చుట వింత కాదు. కొయోటీకై రోజంతయు కాచి రెండు తూటాలు కాల్చువానికి ఈ చింత లేనే లేదు. కనుక ఒకే తూటా ఒకనికి అమృతము, వేరొకనికి దండుగ.

1950లో రెమింగ్టన్ కంపెనీయందలి మైక్ వాకర్ రూపొందించిన 222 రెమింగ్టన్ ఈ తగవునకు మధ్యస్థముగ వచ్చినది. మరియొక తూటాను సాగదీసి చేసినది కాదు, మొదటినుండి క్రొత్తగా గీసినది. 50 గ్రెయినుల గుండునకు 3,100 అడుగులకు పైగా వేగము, దానికి తోడు ఆశ్చర్యకరమైన గురి. బల్లపై తుపాకిని ఆనించి కాగితముపై గుండ్లన్నియు ఒకే రంధ్రమున పడునట్లు కాల్చు పందెములలో చాలకాలము ఇదియే రాజ్యము చేసినది. దీనినే కొంచెము పొడిగించి సైన్యమునకై చేసిన తూటాయొక్క పౌరరూపము 1964లో వచ్చిన 223 రెమింగ్టన్. సైన్యపు తోబుట్టువు గనుక దీని ఇత్తడి తొడుగులు చౌక, ఎల్లెడల దొరకును. ఈ గుణము వినుటకు సామాన్యముగ నుండును గాని, కొరత కాలము వచ్చినపుడు దాని విలువ తెలియును.

22-250 కథ వేరు. 1915 నాటి 250 సావేజ్ అను తూటా మూతిని నొక్కి 22 కొలతకు తెచ్చి, 1930 ప్రాంతములనుండి పనివాండ్రు తమ తమ అంగళ్ళలో చేయుచుండిరి. ఫ్యాక్టరీ ముద్ర లేని ఇట్టి తూటాలను అచ్చటివారు 'అడవిపిల్లులు' అందురు. ఈ అడవిపిల్లిని 1965లో రెమింగ్టన్ వారు ఇంటిపిల్లిగ చేసిరి. 55 గ్రెయినుల గుండు 3,680 అడుగుల వేగముతో పోవును. పశ్చిమపు విశాల మైదానములలో 300 గజములు దాటిన పనికి దీనిని మించినది వెదకనక్కరలేదని మా అభిప్రాయము. గంటకు 10 మైళ్ళ ప్రక్కగాలి వీచినను 300 గజములకు ఈ గుండును సుమారు జానెడు మాత్రమే త్రోయును. 223 గుండు అంతకంటె ఎక్కువ తొలగును. మొదటిసారి చేయించుకొనువారికి మాత్రము మేము 223నే చెప్పుదుము. తన్ను తక్కువ గనుక, కాల్చినవాడు తన గుండు ఎచ్చట పడినదో దూరదర్శినిలో తానే చూడగలడు. తప్పిన గుండును కన్నులార చూచినవానికే రెండవ గుండు తిన్నగ పోవును.

2004లో 204 రూగర్, అంతకు రెండేండ్లు ముందు 17 హెచ్.ఎం.ఆర్. అను చిన్న తూటాయు వచ్చినవి. వీనికిని అభిమానులు కలరు.

ఇప్పుడు గుండు, మెలిక. తుపాకి గొట్టము లోపల మెలితిరిగిన గాడులుండును. వానివలన గుండు బొంగరమువలె తిరుగుచు పోవును, తిరుగనిచో తలక్రిందులగును. ఎన్ని అంగుళములకు ఒక చుట్టు తిరుగునో దానిని బట్టి 12 అంగుళముల మెలిక, 8 అంగుళముల మెలిక అని చెప్పుదురు. ఈ ఒక్క అంకెను చిన్నచూపు చూచి ఒక పెద్ద కంపెనీ యెట్లు దెబ్బతినెనో వినదగిన కథ.

1955లో 6 మిల్లీమీటర్ల కొలతలో రెండు తూటాలు ఒకేసారి అంగడికి వచ్చినవి: వించెస్టరు వారి 243, రెమింగ్టన్ వారి 244. తొడుగు కడుపు చూచినచో రెమింగ్టన్‌దే కొంచెము పెద్దది. కాని వారు దీనిని వార్మింట్ తూటాగ నెంచి, 90 గ్రెయినుల వరకు గల గుండ్లకు సరిపోవునట్లు 12 అంగుళముల మెలిక నిచ్చిరి. వించెస్టరు వారు 10 అంగుళముల మెలిక నిచ్చి, జింకకు పనికివచ్చు 100 గ్రెయినుల గుండును గూడ అమ్మిరి. కొనువాడు ఒకే తుపాకితో రెండు పనులు కోరెను. 243 విజయము పొందెను, 244 మూలబడెను. రెమింగ్టన్ వారు మెలికను 9 అంగుళములకు మార్చి, 1963లో అదే తూటాకు '6 ఎం.ఎం. రెమింగ్టన్' అని క్రొత్త పేరు పెట్టిరి. ఐనను పోయిన మార్కెట్టు పూర్తిగ తిరిగి రాలేదు. నిజము చెప్పవలెనన్న, చిన్న జంతువులకు మాత్రమే వాడువానికి మొదటి 244లో దోషమే లేదు.

మెలికను లెక్కించుటకు 1879లో ఊలిచ్‌లోని గణితాచార్యుడు గ్రీన్‌హిల్ ఒక సులభసూత్రము చెప్పెను. గుండు అడ్డుకొలతను దానితోనే గుణించి, 150తో హెచ్చించి, గుండు పొడవుతో భాగింపవలెను. నేటి హెచ్చు వేగములకు 150 బదులు 180 వాడుదురు. ముప్పాతిక అంగుళము పొడవు గల 22 గుండునకు లెక్కవేసిన 12 అంగుళముల మెలిక వచ్చును. అంగుళము దాటిన పొడవైన గుండునకు 8 చిల్లర వచ్చును. ఈ లెక్కలో గుండు బరువు లేదు, పొడవే యున్నదని శ్రోతలు గమనించియే యుందురు.

ఐతే మెలిక ఎంత బిగువైన నంత మేలా? కాదు. 12 అంగుళముల మెలికలో 3,600 అడుగుల వేగముతో పోవు గుండు సెకనుకు 3,600 చుట్లు, అనగా నిమిషమునకు 2,16,000 చుట్లు తిరుగును. మెలిక 8 అంగుళములైనచో 3,24,000. వార్మింట్ గుండు రేకు కావలెననియే పలుచగ చేయుదురు. అంతటి తిరుగుడుకు ఆ రేకు తాళలేక గుండు నడిమార్గముననే తునిగి బూడిదయైపోవుట కలదు.

రేకు పలుచగ నుండుటలో ఒక మేలు కలదు. వేగముగ పోవు గుండు నేలను తాకగనే చితికిపోవును, ఎగిరి ప్రక్క పొలమునకు పోదు. కాని దూరమున వేగము తగ్గిన గుండును, రాతినేలను నమ్మరాదు. లక్ష్యము వెనుక మట్టిగట్టు లేనిచో ఏ తూటాయు తగినది కాదు. తప్పిన గుండు మైలునకు పైగా పోగలదు.

ఈనాడు మరియొక విషయము చేరినది. కాలిఫోర్నియాలో 2013 నాటి చట్టము ననుసరించి 2019 జూలై 1 నుండి వేటకు సీసపు గుండ్లు నిషిద్ధములు. చచ్చిన జంతువును తిన్న కాండరు అను రాబందులు సీసపు తునకలవలన విషమెక్కి చచ్చుచుండుటయే ఇందుకు ముఖ్యకారణము. సీసము బదులు వచ్చినది రాగి. రాగి సీసముకంటె తేలిక గనుక, అదే బరువునకు గుండు పొడవగును. పొడవైనచో గ్రీన్‌హిల్ లెక్క మరల మన ముందుకు వచ్చును. తాతగారి 14 అంగుళముల మెలిక గొట్టమున ఈ గుండు నిలువకపోవచ్చును. రాగి గుండు వాడదలచినవాడు గొట్టము చెప్పకముందే ఆ సంగతి తేల్చుకొనవలెను. ఏ జంతువును కొట్టవచ్చునో ముందుగ విచారించుటయు అంత అవసరమే. యూటా ప్రెయిరీ డాగు చట్టరక్షణలో నున్నది. ప్రెయిరీ డాగులనే తిని బ్రదుకు నల్లకాళ్ళ ఫెరెట్టు అను ముంగిసవంటి ప్రాణి అంతరించినదని తలచుచుండగ, 1981లో వయోమింగులోని మిటీట్సీ యొద్ద కనబడినది. దాని బ్రదుకు ఈ బొరియల మీదనే ఆధారపడియున్నది.

తక్కిన భాగములలో ముఖ్యమైనది యాక్షను, అనగా తూటాను గదిలో బిగించి పట్టు బోల్టు, దాని యిల్లు. బోల్టు ముఖము తూటా మడమను పట్టవలెను. 222, 223, 204 మడమలు 0.378 అంగుళము. 22-250, 243 మడమలు 0.473. చౌకగ వచ్చినదని ముందే యాక్షను కొన్నవాడు తనకు తెలియకయే తూటాను ఎన్నుకొన్నవాడగును. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 కొలతలకు సరిపోవు కొయ్యలు, ట్రిగ్గర్లు విరివిగ దొరకుటచే, ఇతరులు చేయు యాక్షనులు గూడ చాలవరకు ఆ కొలతలనే అనుసరించును.

గొట్టము 24 మొదలు 26 అంగుళముల పొడవు, బరువైనది మేలు. బరువు గొట్టము నెమ్మదిగ వేడెక్కును. మోయుట కష్టమందురు గాని, ఇది భుజముపై వేసికొని కొండలెక్కు తుపాకి కాదు. కొయ్య వానకాలమున ఉబ్బి, ఎండకు ముడుచుకొని గొట్టమును ప్రక్కకు నెట్టును. కావున పొరలు అతికిన చెక్కయో, ఫైబరుగ్లాసో వాడి, యాక్షను క్రింద ఎపాక్సీ పోసి, గొట్టమునకు మాత్రము కొయ్య తగులకుండ సందు విడుతురు. ట్రిగ్గరు తేలికగ, తొట్రుపాటు లేక విడువవలెను. దూరదర్శినికి మితిమీరిన శక్తి కోరరాదు. మధ్యాహ్నపు ఎండలో 24 రెట్లు పెద్దది చేసిన, జంతువుతోపాటు ఎండమావియు 24 రెట్లు పెద్దదియై ఆడును.

పనివానికి తుపాకి పని అప్పగించునపుడు అనుభవజ్ఞులు ఒక వస్తువును వెంట నిత్తురు. మందు, ప్రైమరు లేని ఖాళీ తొడుగులో తాము కోరిన గుండును తాము కోరినంత లోతునకు అమర్చిన నమూనా తూటా యది. గొట్టపు గొంతును దాని కొలతకే కోయుదురు. పని ముగిసినను ఆ నమూనాను పారవేయక పెట్టెలో దాచియుంచుదురు. కొన్నియేండ్లకు గొంతు కాలి గొట్టము మార్చవలసి వచ్చినపుడు, క్రొత్త గొట్టమునకు కొలత మరల దానినుండియే తీయుదురు.