ఫ్యూజు పీకినా స్టార్టర్ డబ్బా షాక్ ఎందుకు కొడుతుంది?

ఈ ఎపిసోడ్ మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు బోరు కింద వ్యవసాయం చేసే ఇళ్లల్లోని పిల్లల కోసం.

పోయినేడు మా బోరు మోటరు స్టార్ట్ కాలేదు. నాయిన ఫ్యూజులు పీకి, డబ్బా మూత తీసి, కెపాసిటర్ వైరు ముట్టుకున్నడు. అంతే, వెనక్కి పడ్డడు. "కరెంటే లేదు కదరా, ఎట్ల కొట్టింది?" అన్నడు. బీటెక్ చదివిన, కానీ ఆ నిమిషంల నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు చెప్తా. సింగిల్ ఫేజ్ మోటరు డబ్బాలో మామూలుగా రెండు కెపాసిటర్లు ఉంటాయి. రన్ కెపాసిటర్ మోటరు తిరిగినంతసేపూ లైన్లోనే ఉంటుంది. స్టార్ట్ కెపాసిటర్ మాత్రం పచ్చ బటన్ నొక్కినప్పుడు కలుస్తుంది, వదలగానే విడిపోతుంది. విడిపోయిన క్షణంలో ఎంత వోల్టేజీ ఉందో, అది అందులోనే ఆగిపోతుంది. ఆఫ్ చేశాక రన్ కెపాసిటర్ చార్జ్ మోటరు వైండింగ్ గుండా దిగిపోతుంది. స్టార్ట్ కెపాసిటర్‌కు ఆ దారి లేదు.

లెక్క చూద్దాం. 230 వోల్టుల ఏసీ పీక్ 325 వోల్టులు. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ అక్కడ ఆగితే, లోపల 5.3 జౌళ్ల శక్తి ఉన్నట్టు.

దాన్ని అంతే సైజు ఖాళీ కెపాసిటర్‌కు కలిపితే? నిండు ట్యాంకును ఖాళీ ట్యాంకుకు పైపుతో కలిపినట్టే. చార్జ్ ఎక్కడికీ పోదు, ఇద్దరికీ చెరి సగం, 162 వోల్టుల చొప్పున. కానీ శక్తి మొత్తం 2.65 జౌళ్లే! మిగతా సగం వేడిగా, నిప్పురవ్వగా పోయింది. వైరు లావుగా ఉన్నా నష్టం తగ్గదు, ఇంకా వేగంగా జరుగుతుంది అంతే.

అందుకే పచ్చ బటన్ టకటకా నొక్కొద్దు. చార్జ్‌తో ఉన్న స్టార్ట్ కెపాసిటర్ మళ్లీ రన్ కెపాసిటర్ మీద పడుతుంది, భారీ కరెంటు పారుతుంది, కాంటాక్టులు నల్లబడతాయి.

మూత తీసే ముందు మెయిన్ ఆఫ్ చేయండి, ఫ్యూజులు పీకండి. తర్వాత స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో రెండు టెర్మినళ్లకు తగిలించి 5 సెకన్లు ఆగండి. 325 వోల్టులు దాదాపు 2కు దిగుతాయి. మల్టీమీటర్ డీసీలో పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

లైక్ తర్వాత కొట్టొచ్చు, ముందు ఈ వీడియో మీ నాయినకు చూపించండి. ఉంటా మరి!