ప్రజా సంస్థలకు స్థల నిర్ణయము – శ్రీబాగ్ నేర్పిన పాఠము

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భమున చేసిన ప్రసంగము)



“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. సొంత ఇల్లు కట్టుటకే అంత శ్రమ అయినప్పుడు, నలుగురి కొరకు కట్టే కట్టడము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పాఠశాల, గ్రంథాలయము, వైద్యశాల, ఆటస్థలము, సభామందిరము ఒకే ఆవరణలో నెలకొల్పదలచిన ఏ సమాజానికైనా ధనము, నమూనా అనే ప్రశ్నలకంటె ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. ఎక్కడ కట్టవలెను? దాని వెంటనే మరొక ప్రశ్న వచ్చును. ఎవరిని అడిగి కట్టవలెను? డెబ్బది ఐదు సంవత్సరాలు నిండిన ఒక విద్యాలయము తన రానున్న కాలాన్ని తలపోసే వేళ ఈ రెండు ప్రశ్నలను విచారించుట సముచితము. వీటిని గురించి తెలుగువారి చరిత్రలో ఒక విలువైన అనుభవము ఉన్నది. అందులోని ముఖ్య ఘట్టము ఈ నగరములోనే, మైలాపూరులో జరిగినది.

మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడినది. ఆరు దశాబ్దాలకు పైగా తెలుగు జిల్లాల విద్యార్థులకు అదే దిక్కు. 1913లో బాపట్లలో ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగిన నాటినుండి ప్రత్యేక రాష్ట్ర వాంఛతోపాటు ప్రత్యేక విశ్వవిద్యాలయ వాంఛ కూడ బలపడినది. 1916లో మైసూరులోను, 1918లో హైదరాబాదులోను విశ్వవిద్యాలయాలు వెలసిన తరువాత ఆ కోరికను ఆపుట ఎవరి తరమూ కాలేదు. పానగల్లు రాజా ముఖ్యమంత్రిగా ఉన్న కాలములో విద్యామంత్రి అన్నెపు పరశురామదాసు పాత్రో ఆంధ్ర విశ్వవిద్యాలయ బిల్లును మద్రాసు శాసనమండలి ముందుంచారు. 1926లో విశ్వవిద్యాలయము బెజవాడ కేంద్రంగా ప్రారంభమైనది. కట్టమంచి రామలింగారెడ్డి ప్రథమ ఉపాధ్యక్షులైనారు.

విశ్వవిద్యాలయము కావలెనన్న విషయములో తెలుగువారందరిదీ ఒకే మాట. అది ఎక్కడ ఉండవలెనన్న విషయములో మాత్రము ఊరికొక మాట. బెజవాడ రైళ్ళ కూడలి, కోస్తా జిల్లాల నడిబొడ్డు. రాజమహేంద్రవరము విద్యకు, సాహిత్యానికి పేరుపొందిన నగరము. విశాఖపట్టణానికి సముద్రతీరము, విశాలమైన కొండనేల, కొత్తగా నిర్మాణమవుతున్న ఓడరేవు ఉన్నవి. అనంతపురములో 1916 నుండి దత్తమండలాల కళాశాల నడుస్తున్నది. కరవునేలకు విద్యాకేంద్రమైనా దక్కవలెనని రాయలసీమ పెద్దలు కోరారు. ఈ వాదాలలో అబద్ధమైనది ఒక్కటి లేదు. స్థల వివాదములోని కష్టమే అది. ప్రతి పక్షము వద్ద కొంత సత్యము ఉండును.

తుదకు విశ్వవిద్యాలయము 1930లో వాల్తేరు చేరినది. ఆ ఎన్నికను కేవలము తప్పు అనుటకు వీలులేదు. అక్కడ విశాలమైన ఆవరణ లభించినది. జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఏటేటా లక్ష రూపాయల విరాళము ప్రకటించి శాస్త్ర, సాంకేతిక విద్యలకు ప్రాణము పోశారు. 1931లో ఉపాధ్యక్షులైన సర్వేపల్లి రాధాకృష్ణన్ కాలములో దాని కీర్తి దేశమంతటా వ్యాపించినది. విద్యాలయంగా అది సఫలమైనది. అయినా ఆ స్థలమువల్ల ఒక నష్టము కూడ జరిగినది. రాయలసీమ జిల్లాలు దాని పరిధిని విడిచి తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయములోనే ఉండిపోయినవి.

ఈ వియోగానికి కేవలము అభిమానమే కారణమని తలచుట పొరపాటు. కడప, గుంతకల్లు మద్రాసు–బొంబాయి రైలుమార్గము మీద ఉన్నవి. కడప విద్యార్థి రైలెక్కితే రమారమి 250 కిలోమీటర్ల ప్రయాణముతో మద్రాసు చేరును. వాల్తేరు చేరవలెనన్న అంతకు రెండింతలకు పైబడిన దూరము పోవలెను, నడుమ బండ్లు మారవలెను. రైలు ఖర్చు భరించవలసిన తండ్రికి ఇది ప్రాంతీయ రాజకీయము కాదు, ఇంటి లెక్క. తెలుగువారి పేరిట వెలసిన విశ్వవిద్యాలయము తెలుగువారిలో ఒక భాగానికి పరాయిదైనది. ఆ భాగానికి మద్రాసే దగ్గరైనది.

ఈ గాయము రాష్ట్రోద్యమాన్ని కూడ తాకినది. విశ్వవిద్యాలయ విషయములోనే మాట చెల్లనప్పుడు రేపు రాష్ట్రము వచ్చిన తరువాత రాజధాని, నదీజలాలు, శాసనసభా స్థానాలు ఏమగునో అని రాయలసీమవారు సందేహించారు. ఆ సందేహాన్ని కోస్తా నాయకులు తేలికగా తోసివేయక, కూర్చుని మాట్లాడుటకు పూనుకొనుట వారి విజ్ఞత. 1937 నవంబరు 16న మైలాపూరులో, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గృహమైన శ్రీబాగ్‌లో ఉభయ ప్రాంతాల పెద్దలు సమావేశమైనారు. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య మొదలైనవారు సంతకాలు చేసిన ఆ ఒడంబడికనే శ్రీబాగ్ ఒప్పందము అంటారు. లజ్‌లోని నాగేశ్వరరావు పార్కులో నేటికీ నడకకు వెళ్ళే తెలుగువారిలో ఎందరికి ఈ సంగతి గుర్తున్నదో!

ఆ ఒప్పందములో మొదటి అంశము విశ్వవిద్యాలయమే కావడము గమనింపదగినది. వాల్తేరులో ఒకటి, అనంతపురములో ఒకటిగా రెండు కేంద్రాలు ఉండవలెనని అందు వ్రాసుకొన్నారు. నదీజలాల వినియోగములో వెనుకబడిన రాయలసీమకు ప్రాధాన్యము, శాసనసభా స్థానాలలో జిల్లాలకు సమతూకము తరువాతి అంశాలు. రాజధాని, హైకోర్టు చెరి ఒక ప్రాంతములో ఉండవలెను. వీటిలో ఏది కావలెనో కోరుకొనే హక్కు రాయలసీమది. పంపకములో ఒకరు రెండు భాగాలు చేస్తే రెండవవారు ముందుగా ఎన్నుకొనుట పల్లెలలో అన్నదమ్ములు పాటించే పద్ధతి. శ్రీబాగ్ పెద్దలు ఆ ఇంటి న్యాయాన్నే రాష్ట్ర న్యాయంగా స్వీకరించారు.

ఆ మాట ఎంతవరకు నిలిచినది? 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు కర్నూలు రాజధాని అయినది. డేరాలలో కచేరీలు నడుపవలసి వచ్చినా ఆ మాటకు గౌరవము దక్కినది. 1954 జులైలో హైకోర్టు గుంటూరులో ఏర్పడినది. 1956లో రెండూ హైదరాబాదుకు తరలిపోయినవి. విశ్వవిద్యాలయ విషయములో 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసి రాయలసీమ విద్యార్థులకు గొప్ప ఆశ్రయమైనది. కాని కాగితము మీద వ్రాసుకొన్న ఊరు అనంతపురము. అక్కడ స్నాతకోత్తర కేంద్రము 1968లో వచ్చినది. అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా రూపొందుటకు 1981 వరకు ఆగవలసి వచ్చినది. శ్రీబాగ్ నాటినుండి లెక్కిస్తే 44 సంవత్సరాలు! ఒప్పందము కుదిరిననాడు పుట్టిన బిడ్డ తన బిడ్డలను కళాశాలకు పంపే వయసు వచ్చిన తరువాత ఆ మాట నెరవేరినది. ఒప్పందములో స్థలము ఉన్నది, గడువు లేదు.

ఇటీవలి చరిత్ర కూడ ఈ పాఠాన్నే మరొక విధంగా చెప్పుచున్నది. రాష్ట్ర విభజన తరువాత రాజధాని స్థలాన్ని పరిశీలించుటకు 2014లో కె.సి. శివరామకృష్ణన్ అధ్యక్షతన కేంద్రము ఒక నిపుణుల సంఘాన్ని నియమించినది. ఆ సంఘము రాష్ట్రములో పర్యటించి, ప్రజల సూచనలు స్వీకరించి, ఆగస్టు నెలలో నివేదిక సమర్పించినది. అన్నిటినీ ఒకే మహానగరములో కూర్చరాదని, సారవంతమైన పంటభూములను కాపాడవలెనని, సంస్థలను వివిధ ప్రాంతాలకు పంచవలెనని దాని సారాంశము. సెప్టెంబరు 4న విజయవాడ పరిసరాలలో రాజధాని ఉండునని రాష్ట్ర ప్రభుత్వము శాసనసభలో ప్రకటించినది. ఏ నిర్ణయము మేలైనదో తీర్పు చెప్పుట ఈ ప్రసంగానికి ఉద్దేశము కాదు. ప్రజలను అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబునకు, ప్రభుత్వము తీసుకొన్న నిర్ణయానికి నడుమ ఉన్న దారి సామాన్యునికి కనబడలేదు. ఆ వివాదము తరువాత ఏండ్ల తరబడి శాసనసభలలో, న్యాయస్థానాలలో సాగినది. పొలము ఇచ్చిన రైతు ఆ కాలమంతా ఎదురుచూడవలసి వచ్చినది.

నేడు ప్రజాభిప్రాయ సేకరణ కేవలము పెద్దల సౌజన్యము మీద ఆధారపడిన విషయము కాదు. 2013 భూసేకరణ చట్టము సామాజిక ప్రభావ అధ్యయనాన్ని, బాధిత ప్రాంతములోనే బహిరంగ విచారణను విధించినది. ఆ నివేదిక స్థానిక భాషలో లభింపవలెనన్నది. పర్యావరణ అనుమతుల విషయమై 2006లో వెలువడిన ప్రకటన ప్రకారము విచారణకు కనీసము 30 రోజుల ముందు పత్రికలలో తెలుపవలెను. సభ ముగింపులో అభ్యంతరాల సారాంశాన్ని అక్కడివారి భాషలో చదివి వినిపించవలెను. మాతృభాషలో విద్య నేర్పే విద్యాలయానికి ఈ నిబంధన విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అర్థముకాని భాషలో అడిగిన ప్రశ్నకు మౌనమే జవాబు అగును. ఆ మౌనాన్ని అంగీకారముగా వ్రాసుకొనుట అన్యాయము.

చెన్నై నగరము వరకు చూచినచో మరొక రెండు సంగతులు గమనింపదగినవి. దక్షిణ జిల్లాల బస్సుల కొరకు కిలాంబాక్కములో కట్టిన విశాలమైన బస్సుస్టాండు 2023 డిసెంబరు 30న ప్రారంభమైనది. అప్పటికి దాని పక్కన రైల్వేస్టేషను సిద్ధము కాలేదు. ఉత్తర చెన్నైలో నివసించే కుటుంబము మూటాముల్లెతో, పిల్లలతో అక్కడికి చేరుటే ఒక ప్రయాణమైనది. కట్టడము ఎంత చక్కనిదైనా అక్కడికి పోయే దారి కూడ దానిలో భాగమే. రెండవది నీటి సంగతి. 2015 డిసెంబరు వరద, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫాను ఈ నగరములో పల్లపునేలల జాడను ఇంటింటికీ చూపినవి. చౌకగా వచ్చే స్థలము తరచు నీరు నిలిచే స్థలము. ఏ వీథిలో ఎన్ని మెట్ల వరకు నీరు వచ్చినదో పటములో ఉండకపోవచ్చును. ఆ వీథి వృద్ధురాలిని అడిగితే గోడ మీద గుర్తు చూపును.

కనుక ఉమ్మడి ఆవరణ నిర్మింపదలచినవారికి ఈ అనుభవాల నుండి కొన్ని నియమాలు దొరుకుచున్నవి. స్థలము కొనకముందే అడగవలెను. కొన్న తరువాత అడుగుట సమాచారము ఇచ్చుట మాత్రమే. ఒకే స్థలము చూపి సరేనా అనక, రెండు మూడు స్థలాలను దూరము, బస్సు వసతి, నీటిమట్టము, ఖర్చు లెక్కలతో పక్కపక్కన ఉంచవలెను. సభకు రానివారిని వెదకవలెను. పనిరోజు మధ్యాహ్నము పెట్టిన సమావేశానికి దినకూలీ రాలేడు, ఇంటిపని ముగియని తల్లి రాలేదు. అక్కడ చదువబోయే పిల్లవానిని ఎవరూ పిలువరు. వచ్చిన ప్రతి అభ్యంతరానికి వ్రాతమూలకంగా జవాబు ఈయవలెను. కోరినది ఇవ్వలేకపోయినప్పుడు కారణము తెలుపవలెను. చివరగా, స్థలము దక్కనివారికి ఇచ్చిన మాటకు తేదీ వేయవలెను.

అందరికీ సమాన దూరములో ఉండే స్థలము లోకములో లేదు. ఎక్కడ కట్టినా ఎవరికో ఒకరికి దూరమే. ఆ దూరపువారిని ముందుగా అడిగి, వారి కష్టము విని, దానికి తగిన ఏర్పాటు చేసినప్పుడు వారు కూడ ఆ కట్టడాన్ని ‘మాది’ అంటారు. ఒక విద్యాలయము డెబ్బది ఐదేండ్లు నిలిచినదన్న, దాని వెనుక అట్లు ‘మాది’ అన్నవారు తరతరాలుగా ఉండినారని అర్థము. రాబోయే తరాలలో ఈ ప్రాంగణము నుండి వెలువడే విద్యార్థులు ఎక్కడ ఏ ఉమ్మడి కట్టడానికి పునాది వేసినా, ముందుగా నలుగురి మాట విని, ఇచ్చిన మాట గడువులో నిలుపుకొనగలరని ఆకాంక్షించుట ఈ ఉత్సవ వేళ ఉచితము.

విద్యాలయానికి శుభము కలుగుగాక. స్వస్తి.